నర్సరీలో దొరకని పూలు

ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కూడలి దాటి సంగారెడ్డి వైపు సాగితే 65వ నంబరు జాతీయ రహదారి మీద రెండు రకాల పచ్చదనం కనిపిస్తుంది. మొదటిది నాటించినది. రోడ్డు మధ్యలో గన్నేరు, ఫ్యాక్టరీ గోడల వెంట కోనోకార్పస్, గేట్ల దగ్గర అశోకం పేరుతో చలామణీ అయ్యే నారమామిడి. రెండోది ఎవరూ నాటనిది. కల్వర్టుల పక్కన, ఇంకా అమ్ముడుపోని ప్లాట్లలో, హద్దురాళ్ళ మధ్య దానంతటదే లేచింది. భాద్రపదం ముగింపుకొచ్చిన ఈ రోజుల్లో దాని రంగు పచ్చ కూడా కాదు. వెండి తెలుపు, కొసన కాస్త గులాబీ. గునుగు పూసింది.

తోటలు వేయించడం నా వృత్తి. విజిటింగ్ కార్డు మీద ల్యాండ్‌స్కేప్ డిజైనర్ అని ఉంటుంది, కూలీలకి మాత్రం ‘మొక్కల సారు’ని. రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి దాకా ఉన్న ఈ పారిశ్రామిక పట్టీలో నా పనులు ఎక్కువ. ఇవాళ బయల్దేరింది కంది దగ్గర ఒక కార్ఖానా వాళ్ళ స్థలం చూడడానికి. దారిలో నాలుగు చోట్ల ఆగొచ్చన్నది అసలు ఆశ.

ఇక్కడ తోట పనికి ఋతువులున్నాయి గానీ అవి పంచాంగంలోవి కావు. మృగశిర కార్తె రాగానే ఫోన్లు మొదలవుతాయి: గుంతలు తీయాలి, మొక్కలు దించాలి, ఎర్రమట్టి లారీ ఎప్పుడొస్తుంది? దసరా తర్వాత బంతి, చామంతి. జనవరి 26కి జెండా చుట్టూ పెటూనియా కుండీలు. మార్చి నుంచి ట్యాంకర్ల లెక్కలు. వీటన్నిటికీ అతీతంగా ఇంకో ఋతువు ఉంది, తనిఖీల ఋతువు. పరిశ్రమలకిచ్చే పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా ఒక షరతు ఉంటూ వచ్చింది: స్థలంలో 33 శాతం గ్రీన్‌బెల్ట్ ఉండాలి. షరతు మంచిదే. కానీ అందులో శాతం ఉంది, చెట్టు పేరు లేదు. అందుకని మేనేజర్లు అడిగేది ఒక్కటే: “తొందరగా పచ్చగా కనపడాలి సార్, ఏం పెడతారో మీ ఇష్టం.” తొందరగా పచ్చగా కనపడేది కోనోకార్పస్. సోమాలియా, యెమెన్ వైపు నుంచి వచ్చిన ఈ మొక్కని హరితహారం పథకం రోజుల్లో తెలంగాణ రోడ్ల వెంట విపరీతంగా నాటారు. దాని మీద ఫిర్యాదులు మొదలయ్యాక గుజరాత్ 2023లో నిషేధించింది. వేళ్ళు పైపుల్లో దూరతాయని, పుప్పొడితో ఎలర్జీ అని మోపిన నేరాల్లో ఎన్ని నిలుస్తాయో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. నా అభ్యంతరం వేరు. కోనోకార్పస్ గోడ పక్కన నిలబడ్డ మనిషికి అది మాఘమో ఆషాఢమో తెలియదు. పన్నెండు నెలలూ ఒకటే ఆకుపచ్చ. పెయింటు డబ్బాతో కూడా ఆ పని అవుతుంది.

పటాన్‌చెరు నేల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తోట మొదలయ్యేది మట్టిలోంచి. 1970ల్లో ఇక్కడ పారిశ్రామికవాడ వచ్చింది. ఇందిరాగాంధీ 1980లో మెదక్ ఎంపీ అయిన కాలానికి అది వేగంగా పెరుగుతోంది. ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి. 1990లోనే ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకెళ్ళింది. స్థానికంగా వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు దీని మీద పోరాడారు. 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంతో ప్రపంచమంతా పటాన్‌చెరు పేరు విన్నది: ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఈ చుట్టుపక్కల బోరు నీళ్ళు పరీక్ష చేయించనిదే నేను ఒక్క మొక్క పేరూ రాయను. ఉప్పు ఎక్కువున్న చోట గులాబీ ఆకు అంచులు మాడిపోతాయి. కానుగ, వేప, గన్నేరు తట్టుకుంటాయి.

ఆ పారిశ్రామికవాడకి కూతవేటు దూరంలోనే ఇక్రిశాట్ ఉండడం ఈ దారిలో నాకు ఎప్పుడూ వింతే. 1972లో పెట్టిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ, దాదాపు 1,400 హెక్టార్ల ఆవరణ. ఈ చోటునే ఎంచుకోడానికి ఒక కారణం, ఎర్ర చెలక, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో దొరకడం. తోట వేసేవాడికి కూడా ఆ తేడా ప్రాణం. చెలకలో నీళ్ళు పోస్తే జారిపోతాయి, రేగడిలో పోస్తే నిలుస్తాయి. ఏప్రిల్‌లో రేగడి నెర్రెలిచ్చిందంటే మీరు పరిచిన నడకదారి రాళ్ళు కూడా దాంతో పాటే కదులుతాయి. ఫర్లాంగు దూరంలో నేల మారిపోయే ప్రాంతం ఇది. ఒకే డ్రాయింగు పట్టుకుని రెండు స్థలాల్లో పని చేస్తే చెల్లదు.

ఇక్రిశాట్ విత్తన బ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షా పాతిక వేలకు పైగా ఉన్నాయి. దీర్ఘకాలం దాచాల్సినవి సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువన ఉంటాయి. వాటిలో పంటలే కాదు, పంటల అడవి చుట్టాలూ ఉన్నాయి. కందికి అలాంటి ఒక చుట్టం కజానస్ కజానిఫోలియస్, ఒడిశా, బస్తర్ అడవుల వైపు పెరిగేది. చూస్తే కంది మొక్కే అనుకుంటాం. రైతు దృష్టిలో దానికి విలువ సున్నా. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దాని కణద్రవ్యాన్ని కందిలోకి తెచ్చి, పుప్పొడి రాని వరసలు తయారుచేసి, వాటితో సంకర కంది తీశారు. పప్పుధాన్యాల్లో వ్యాపార స్థాయిలో వచ్చిన తొలి సంకరాల్లో అవీ ఉన్నాయి. అంటే ఈ రోడ్డుకి ఒక పక్కన కలుపు మొక్కని నిధిలాగా దాచిపెడుతున్నారు. రెండో పక్కన మావాళ్ళు జేసీబీతో కలుపంతా ఊడ్చేసి, ఆ చోట కడియం నుంచి లారీలో వచ్చిన మొక్కలు దించుతున్నారు.

కడియం నర్సరీల మీద నాకు గౌరవం ఉంది. కడియపులంక చుట్టూ ఉన్న ఆ తోటలు లేకపోతే తెలుగునాట సగం ఇళ్ళ ముందు పూలుండవు. కానీ గోదావరి ఒండ్రు మట్టి ముద్దతో వచ్చిన మొక్కని కంది ఊరి మొరంలో పెడితే దాని వేళ్ళు ఆ ముద్ద దాటి బయటికి రావడానికి మొండికేస్తాయి. చుట్టూ గట్టి నేల, మధ్యలో మెత్తటి మట్టి. వానొస్తే గుంత తొట్టిలా నిండుతుంది, ఎండొస్తే ముద్ద గట్టిపడుతుంది. ఇది మొక్క తప్పు కాదు.

రుద్రారం దాటి కంది చేరేసరికి పొద్దెక్కింది. ఐఐటీ హైదరాబాద్ ఇక్కడే. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తాత్కాలికంగా మొదలై, 2015లో ఈ 576 ఎకరాలకి మారింది. జపాన్ ప్రభుత్వ రుణ సాయంతో, జపాన్ వాస్తుశిల్పుల భాగస్వామ్యంతో కొన్ని భవనాలు కట్టారు. నా కళ్ళు భవనాల మీద లేవు. గోడకి అవతల, ఇంకా ఏ కట్టడమూ రాని మొరం నేల మీద తంగేడు ఉంది. పశువులు ముట్టవు కాబట్టి కంచె అక్కర్లేదు, వేరు లోతుకి దిగుతుంది కాబట్టి నీళ్ళక్కర్లేదు. ఏటా పూసే ఈ పసుపు రంగు పూవుని 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం చేశాం. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వ కార్యాలయాల తోటల్లో తంగేడు చూశారో మీరే గుర్తుచేసుకోండి.

కార్ఖానా స్థలం పక్కన ఒక జొన్న చేను గట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళు గునుగు తెంపి కట్టలు కడుతున్నారు. పెత్రామాస, అంటే భాద్రపద అమావాస్య, దగ్గరపడింది. ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ. నేను ఫోన్ తీసి ఫొటోలు తీస్తుంటే పెద్దావిడ చేయి ఆపింది.

“ఏంది సారు, గునుగు పూలకు గన్ని ఫొటోలు తీస్తున్రు?”

“కంపెనీ తోటలో వేద్దామని, అక్కా.”

ఆవిడ పక్కనామె వైపు చూసి నవ్వింది. “చేన్ల మేం పీకి పారేస్తం, మీరు పైసలు వెట్టి వెడ్తరా?”

“మొక్క కాదు, విత్తనం కావాలి. దొరుకుతుందా?”

“పండుగ అయినంక రాండ్రి. ఎండినంక దులిపితే మస్తు రాలుతది. నల్లగ, సన్నగ, ఆవాల కన్న చిన్నగుంటది.” అంతలో రెండో ఆమె అందుకుంది: “ఇప్పుడు గునుగు యాడున్నది? పత్తి చేన్ల గడ్డి మందు కొడ్తున్రు. జాగలన్ని ప్లాట్లయినయ్. ఒకప్పుడు ఇంటి ముంగట తెంపుకునేటోళ్ళం, ఇప్పుడు పట్నపోళ్ళు మా దగ్గర కొనుక్కపోతున్రు.”

ఈ కట్టలు సాయంత్రానికి హైదరాబాద్ మార్కెట్లకి వెళ్తాయి. రంగుల నీళ్ళలో ముంచి బతుకమ్మ వరసల్లో పేరుస్తారు. గునుగుకి నర్సరీల్లో ఒక తోబుట్టువు ఉంది, కోడిజుట్టు పువ్వు. దాన్ని ప్లాస్టిక్ కుండీలో పెట్టి అమ్ముతారు, మనం కొంటాం. గునుగు కుండీ అడగదు. జూన్‌లో తొలకరికి ముందు విత్తనాన్ని ఇసుకతో కలిపి చల్లితే చాలు, వానకి మొలిచి, శ్రావణం చివరికి కంకి వేస్తుంది. లేత ఆకు కూర వండుకోవచ్చు. పువ్వు కొమ్మ మీదే ఎండి, వెండి రంగు పోకుండా చాలా రోజులు నిలుస్తుంది. యూరప్‌లో తోటల విషయంలో ఒక గొప్ప పంథా నడుస్తోంది. దాని పెద్దల్లో ఒకరు, న్యూయార్క్ హైలైన్ పార్కులో మొక్కల పొందిక చేసిన డచ్చి డిజైనర్ పీట్ ఔడాల్ఫ్. ఎండిన మొక్క కూడా పూసిన మొక్కంత అందమని, చలికాలమంతా దాన్ని కోయకుండా ఉంచమని ఆయన చెప్తారు. గునుగు చేను చూసిన మనకి ఆ మాట కొత్తగా ఉండకూడదు.

కార్ఖానా స్థలం వెనక చిన్న బండల గుట్ట. మేనేజరు దాన్ని పగలగొట్టి చదును చేయించే ఆలోచనలో ఉన్నారు. ఆయన మీటింగులో ఉన్నారని తెలిసి నేను ముందు దాని చుట్టూ తిరిగొచ్చాను. ఒక బండ పగులులోంచి ఊడుగ చెట్టు. ఇప్పుడు మామూలు ఆకుల గుబురు, ఎవరూ రెండోసారి చూడరు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చేసి కొమ్మ కొమ్మకీ తెల్లటి పూలతో నిండుతుంది, ఆ వాసన చాలా దూరం దాకా వస్తుంది. దానికి కాస్త ఎడంగా రేగు కంప, ఆ కంప మీదికి ఎగబాకి అడవినాభి. ఆకు కొసలు తీగెల్లా చుట్టుకుని మొక్కని పైకి లాగుతాయి. పూరేకులు మంటలా పైకి లేచి ఉంటాయి, మొదలు పసుపు, కొసకి ఎరుపు. దాని దుంపలో, గింజలో కాల్చిసిన్ ఉంటుంది. కీళ్ళవాపు వ్యాధి గౌటుకి వాడే మందే, మోతాదు మించితే ప్రాణం తీసే విషం. చిన్నపిల్లలు తిరిగే ఇళ్ళలో దీన్ని పెట్టించను. ఈ గుట్ట మీద మాత్రం దానికి ఉండే హక్కు నాకంటే ఎక్కువ. ఇంకా కింద వావిలి పొద, మోదుగ మోడు, పేరడిగితే కూలీలు ఉత్త గడ్డే అనే రకరకాల గడ్డి. వాటిలో ఒకదాని గింజలు ఈటె మొనల్లా ప్యాంటుకి గుచ్చుకుని కారు దాకా వచ్చాయి.

నా కొత్త మొక్కలంటే ఇవే. మరో ఖండం నుంచి విమానంలో రానివి.

మేనేజరు వచ్చాక బండ మీదే కూర్చుని మాట్లాడుకున్నాం. రోడ్డు వైపు లాన్ కావాలన్నారు. లెక్క చెప్పాను: వేసవిలో చదరపు మీటరు లాన్ రోజుకి నాలుగైదు లీటర్ల నీళ్ళు తాగుతుంది. ఎకరం లాన్ అంటే రోజుకి దాదాపు రెండు పదివేల లీటర్ల ట్యాంకర్లు. ఇక్కడ ఏటా 800, 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ముప్పావు వంతు జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. మిగతా ఎనిమిది నెలలు ఎవరో ఒకరు పోయాలి. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ అనే చోట బెత్ చాటో అనే ఆవిడ 1990ల మొదట్లో తన నర్సరీ కార్లు నిలిపే గులకరాళ్ళ స్థలాన్ని తోట చేసింది. అక్కడ ఏడాదికి పడేది 500 మిల్లీమీటర్ల చిల్లర. వేళ్ళు పట్టుకున్నాక నీళ్ళు పోయకూడదని నియమం పెట్టుకుని, ఆ నియమం నిలుపుకుంది. జోధ్‌పూర్‌లో మెహరాన్‌గఢ్ కోట పక్కన బండనేల మీద ప్రదీప్ క్రిషన్ 2006లో మొదలుపెట్టిన రావ్ జోధా పార్కు మనకి ఇంకా దగ్గరి పాఠం. అక్కడ ముందు సర్కారు తుమ్మని వేళ్ళతో సహా తీయించారు. రాతి గనుల్లో పనిచేసేవాళ్ళు ఉలి, సుత్తి పట్టి బండల్లోంచి వేళ్ళు పెకలించారు. తర్వాత ఆ గుంతల్లో ఎడారి మొక్కలు పెట్టారు. ఇప్పుడు టికెట్ కొనుక్కుని జనం కలుపు మొక్కలు చూడడానికి వస్తున్నారు.

“మధ్యలో కొన్నాళ్ళు బోడిగా ఉంటుందా మరి?” అన్నారు మేనేజరు.

ఉంటుందన్నాను. మే నెలలో ఈ గుట్ట గోధుమ రంగులో ఉంటుంది, కానీ ఆ నెలలోనే గేటు దగ్గర రేల పసుపు గుత్తులు దించుతుంది. ఫాల్గుణంలో మోదుగ, దానికి కాస్త ముందు ఊడుగ, వానల్లో అడవినాభి, భాద్రపదంలో గునుగు, ఆశ్వయుజంలో తంగేడు జోరు. ఒకటి పడుకుంటే ఇంకొకటి లేస్తుంది. ఆయన ఆలోచించి సగానికి ఒప్పుకున్నారు. రోడ్డు వైపు లాన్ ఉండాల్సిందే, చైర్మన్ గారి కారు ఆగేది అక్కడే. గుట్ట మాత్రం పగలగొట్టరు, అది నాకు వదిలేశారు. ఈ పట్టీలో ఇది చిన్న విజయమేమీ కాదు. పగిలిన బండ మళ్ళీ అతకదు, మొక్కలదేముంది.

తిరుగు ప్రయాణం శంకర్‌పల్లి మీదుగా పెట్టుకున్నాను. అక్కడి ప్రొద్దుటూరులో రామ్‌దేవ్ రావు అనే ఆయన 150 ఎకరాల్లో కట్టి, 2025 జనవరిలో తెరిచిన ఎక్స్‌పీరియం పార్కు ఉంది. దేశదేశాల చెట్లు అక్కడ చూడొచ్చు. పెద్ద చెట్టుని వేళ్ళతో లేపి, సముద్రాలు దాటించి, దక్కన్ ఎండలో బతికించడం మామూలు నేర్పు కాదు, మా వృత్తివాళ్ళందరూ ఒకసారి వెళ్ళి చూడాల్సిన పని. అది ప్రదర్శనశాల. కోట్ల విలువైన చెట్టుని చూసి ఆనందించడానికి అలాంటి చోటు ఒకటుండాలి. ఇబ్బంది ఎక్కడంటే, అక్కడ చూసొచ్చిన క్లయింటు తన రెండు వందల గజాల ఇంటి ముందు ఆలివ్ చెట్టు పెట్టమంటాడు.

అలాంటివాళ్ళకి నేను సంగారెడ్డి ఫల పరిశోధనా కేంద్రం పేరు చెప్తాను. రుమానీనీ, నీలంనీ కలిపి వాళ్ళు ‘మంజీర’ అనే మామిడి తీశారు. పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది, ఏటా కాస్తుంది, పీచుండదు. చిన్న పెరటికి ఇంతకంటే ఏం కావాలి? పేరు కూడా పక్కనే పారే నదిది. 1965 నుంచి ఆ నది కూడా హైదరాబాద్‌కి తాగునీళ్ళిస్తోంది. కల్పగూరు బ్యారేజీ దగ్గర ఆ నీళ్ళలో మొసళ్ళు ఉంటాయి, 1978లో ఆ చోటుని అభయారణ్యం చేశారు. బ్యారేజీ నుంచి లాన్ దాకా వచ్చే ప్రతి లీటరుకీ వెనక అంత కథ ఉంది.

గునుగు విత్తనం పండగ అయ్యాక దొరుకుతుంది గానీ తంగేడు, ఊడుగ మొక్కలు మాత్రం కావాల్సినన్ని ఎక్కడా లేవు. దారిలో ప్రతి నర్సరీలోనూ అడిగాను. “అవి ఎవరు కొంటరు సార్, అడివిల ఉంటయ్ కదా” అన్నదే జవాబు. అందులో అబద్ధం లేదు, అడిగేవాళ్ళు లేక పెంచడం లేదు. తంగేడు తల్లివేరు లోతు కాబట్టి పెద్ద మొక్కని తవ్వి తెచ్చి నాటితే బతకడం కష్టం. గట్టి తొక్క గింజని వేడినీళ్ళలో నానబెట్టి, పొడవాటి కవర్లలో మొలిపించి, వేరు మెలి తిరగకముందే నేలలో పెట్టాలి. నర్సరీకి అదేమంత పెద్ద పని కాదు.

కాబట్టి వచ్చే మృగశిరకి మీరు మొక్క కొనడానికి వెళ్తే, ముందు ఊడుగ ఉందా అని అడగండి. తర్వాత తంగేడు అడగండి. లేదంటారు. అయినా మీ పేరు, ఫోన్ నంబరు రాయించి రండి. ఒక వీధిలో పదిమంది అడిగితే మరుసటి ఏడాదికి ఆ నర్సరీ వాడే పెంచుతాడు. గునుగు కోసం నర్సరీ దాకా కూడా అక్కర్లేదు. సద్దుల బతుకమ్మ అయ్యాక ఏ చేను గట్టు మీదైనా ఎండిన కంకి దులుపుకుని తెచ్చుకోండి, రైతు వద్దనడు.